కారు చవకే, మేపుడే కష్టం

పిల్లలు సెకండ్ హ్యాండ్ కారు కొంటామంటే ఇది ఒకసారి చదివి చెప్పండి.

పోయినేడు మా చిన్నోడు హైదరాబాద్‌లో టర్బో స్పోర్ట్స్ కారు కొన్నాడు. కొత్తప్పుడు 20 లక్షల పైన పలికిన బండి 6 లక్షలకే వచ్చిందని సంబరం. బోరు వేయిద్దామని దాచిన 2 లక్షలు నేనే ఇచ్చాను.

బండి ధర తగ్గింది గానీ సామాను ధర తగ్గలేదండీ. మామూలు ఆయిల్ పనికిరాదు, ఫుల్ సింథటిక్ పోయాలి. సర్వీసుకు 15 వేలు. నాలుగు టైర్లకు 60 వేలు. సిటీలో లీటరుకు 9 కిలోమీటర్లే. మొన్న టర్బో పోయింది, 1 లక్షా 30 వేలు. నా 3 ఎకరాల పత్తి పెట్టుబడి అంత!

మెకానిక్ ఏమన్నాడంటే, టర్బో నిమిషానికి లక్ష చుట్లకు పైనే తిరుగుతుంది, ఆయిలే దాని ప్రాణం. జోరుగా తోలి టక్కున ఆపేస్తే ఆ వేడికి ఆయిల్ లోపలే మాడి గట్టిపడుతుంది. వరికోత మిషన్ డ్రైవర్ బంద్ చేసే ముందు ఇంజన్ కాసేపు ఊరికే నడవనిస్తాడు చూడండి, అందుకే. మావాడు చిన్నప్పటి నుంచి అది చూసినోడే.

చవకగా వచ్చిందని గేదెను తోలుకొస్తే దాణా చవకగా రాదు కదా. కొనే డబ్బుతో పాటు రిపేర్ల డబ్బు కూడా పక్కన ఉంటేనే కొనమనండి.

మా బోరు ఈ ఏడు కూడా లేనట్టే.