ఎదుటి సిగ్నల్

బిలాస్‌పూర్ రైలు కూతతో మేల్కొనే ఊరు. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం. రైల్వే కొలువులకై తరలివచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా స్థిరపడ్డాయి. వ్యాపార్ విహార్‌లో అటువంటి ఇంటి యువకుడొకడు సహాయక లోకో పైలట్ పరీక్షకు చదువుతున్నాడు. సాయంత్రాలు మాత్రం వీడియో ఫుట్‌బాల్‌వి.

తొంభై నిమిషాల పోటీ ఆ తెరపై పది పన్నెండు నిమిషాలకు కుదించుకుపోతుంది. ఒక గోల్ పడగానే అతనికి తొందర పుడుతుంది. పరుగు మీటను వదలడు; రక్షకుణ్ణి చోటు కదిలించి బంతి మీదికి ఉరికిస్తాడు. ఆ ఖాళీలోంచే రెండో గోల్ వస్తుంది.

విశ్రాంత డ్రైవరైన తాతగారు ఒకనాడది గమనించారు. ఇంజనులో డ్రైవరూ సహాయకుడూ ప్రతి సిగ్నల్ రంగునూ ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకుంటారు. దాటివచ్చిన సిగ్నల్‌ను తలపోస్తే ఎదుటిది కంటికి ఆనదని ఆయన హెచ్చరించారు.

మైదానపు నీతి కూడా ఇదే. 1962లో జకార్తా ఆసియా క్రీడల తుది పోరులో ప్రేక్షకులు హేళన చేస్తున్నా, హైదరాబాదు వాస్తవ్యుడు సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన భారత జట్టు దక్షిణ కొరియాను 2-1తో గెలిచింది. తలకు కుట్లతోనే ఆడిన జర్నైల్ సింగ్ అందులో ఒక గోల్ చేశాడు.

ఇప్పుడా యువకుడు గోల్ పడినప్పుడల్లా మీట వదలి, ఊపిరి తీసుకుని, ఖాళీగా ఉన్న ఆటగాడెవరో పైకే చెప్పుకుంటాడు. ఓటములు తప్పలేదు, వెనువెంటనే రెండో గోల్ పడటం తగ్గింది. అతడు రాయవలసిన పరీక్షలో ఏకాగ్రతను కంప్యూటర్ మీద కొలిచే అంచె ఒకటుంది. ఆ అలవాటు అక్కడా అక్కరకు వస్తుందని తాతగారి ఆశ.