సముద్రం దాటే రూపాయి

కడప స్టేషనులో బొంబాయి రైలెక్కితే ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి దాటి గుంటకల్లు చేరేదాకా కనిపించేవి నాపరాళ్ళ గుట్టలు, వేరుసెనగ చేలు, ఇసుక మేటలు వేసిన వంకలు. కర్నూలు నుంచి వెళ్ళేవారు ద్రోణాచలం మీదుగా వచ్చి ఆ గుంటకల్లులోనే కలుస్తారు. వాన చినుకు కోసం మొగం వాచిన యీ సీమకూ సముద్రానికీ ఏమి సంబంధమని అనిపిస్తుంది. కాని యీ దారినే పోయి, బొంబాయిలో ఓడ ఎక్కి, జిడ్డా రేవులో దిగి మక్కా యాత్ర చేసి వచ్చినవారు తరతరాలుగా యీ రెండు జిల్లాలలోనూ వున్నారు.

ఓడలో వాంతులు, ఉప్పుగాలి, దిక్కు తెలియని నీళ్ళు - ఇవన్నీ ఎట్లాగో భరించవచ్చు. బొంబాయిలో కాలు పెట్టిన యాత్రికుణ్ణి అసలు పట్టి పీడించే ప్రశ్న వేరే వున్నది. నా మొలలో దాచుకున్న రూపాయి అవతలి వొడ్డున చెల్లుతుందా?

హజ్ నోటు కథ

చాలాకాలం పాటు మన రూపాయి అరబ్బు రేవులకు కొత్తది కాదు. కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయి సంస్థానాలలో అదే వాడుక డబ్బు. చిక్కంతా బంగారం వల్ల వచ్చింది. దొంగ వర్తకులు మన నోట్లను కట్టలు కట్టలుగా అక్కడికి దాటించి, బంగారం కొని, చాటుగా మన తీరానికి చేర్చేవారు. ఆ నోట్లు అక్కడి బ్యాంకుల గుండా తిరిగి మన రిజర్వు బ్యాంకుకే వచ్చేవి. వాటికి బదులు మనం స్టెర్లింగు పౌన్లు ఇచ్చుకోవాలి. రెండవ పంచవర్ష ప్రణాళికకు యంత్రాలు కొనడానికి విదేశ మారకం చాలక ప్రభుత్వం సతమతమవుతున్న రోజులవి.

అందుచేత 1959లో చట్టాన్ని సవరించి, దేశం వెలుపల మాత్రమే చెల్లే ప్రత్యేక నోట్లు వేశారు. గల్ఫ్ సంస్థానాలకు ఒక రకం, హజ్ యాత్రికులకు మరొక రకం. హజ్ నోట్లు 10 రూపాయలవి, 100 రూపాయలవి. మామూలు నోటుకు రంగు మార్చి, 'హజ్' అన్న మాట అచ్చు వేసి, సంఖ్యకు ముందు హెచ్.ఏ. అన్న అక్షరాలు చేర్చారు. యాత్రికుడు తన రూపాయలు ఇచ్చి వీటిని పుచ్చుకోవాలి. చిత్రమేమంటే, మన సర్కారు ముద్ర వున్న ఆ నోటుకు మన అంగడిలో పావుశేరు చక్కెర కూడా ఇవ్వరు! ఈనాడు అటువంటి నోటు ఒకటి దొరికితే పాత నోట్లు సేకరించేవారు కళ్ళకద్దుకుంటారు.

అవతలి వొడ్డున కూడా వింతే. సౌదీ అరేబియాలో రియాలు అంటే వెండి నాణెం. యాత్రికుడు నాలుగు నెలల ఖర్చుకు సరిపడే వెండిని ఎడారిలో మోసుకు తిరగడం ఎట్లా? అందుకని అక్కడి ద్రవ్య సంస్థ 1953లో 'యాత్రికుల రసీదులు' అని 10 రియాళ్ళ కాగితాలు వేసింది. వాటిమీద అరబ్బీతోబాటు ఉర్దూ, ఫార్సీ, టర్కీ, మలయా, ఇంగ్లీషు భాషలు కూడా వుండేవి. యాత్రికుల కోసం పుట్టిన ఆ రసీదులకు జనం ఎంతగా అలవాటు పడ్డారంటే, 1961లో సౌదీ ప్రభుత్వం అసలైన కాగితపు నోట్లే తెచ్చింది.

బొంబాయి నుంచి జిడ్డాకు హజ్ ఓడలు 1995లో నిలిచిపోయాయి. ఇప్పుడు యాత్రికులు విమానంలోనే వెళుతున్నారు.

కువైట్ దినారు

కడప ప్రాంతంలో సముద్రం దాటడమంటే హజ్ తరువాత చెప్పుకోవలసింది కువైట్. పల్లెల్లో 'కోయిట' అంటారు. పూర్వపు కడప జిల్లాలోని రాజంపేట, రాయచోటి ప్రాంతాలలో ఆ దేశంలో ఎవరో ఒకరు లేని వూరు అరుదు. ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలు అక్కడ చెమటోడ్చి పంపిన డబ్బుతో ఇక్కడ మిద్దెలు లేచాయి, బోరుబావులు పడ్డాయి, ఆడపిల్లల పెళ్ళిళ్ళు జరిగాయి.

ఆ కువైట్‌లో 1961 దాకా చెలామణీ అయింది మన రూపాయే. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో వాళ్ళు సొంత దినారు వేసుకున్నారు. అప్పుడు ఒక దినారు ఒక పౌనుకు సమానం. అంటే మన లెక్కలో 13 రూపాయల 33 నయాపైసలు. 1965లో బహ్రెయిన్ కూడా రూపాయిని వదిలింది. 1966 జూన్‌లో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించి, డాలరును 4 రూపాయల 76 పైసల నుంచి 7 రూపాయల 50 పైసలకు చేర్చగా, తక్కిన సంస్థానాలు కూడా ఒక్కొక్కటే జారుకున్నాయి. ఈనాడు ఒక దినారుకు 250 రూపాయల పైమాటే. ఒకప్పుడు మన రూపాయి రాజ్యమేలిన చోట, దినారు కోసం మన ఆడవాళ్ళు బిడ్డలను వదిలి వెళ్ళారు. డబ్బు మారకం కథ లెక్కల పుస్తకంతో అయిపోదు.

పి. ఫారం రోజులు

ఆ కాలంలో విదేశయానం చేయదలచినవాడు ముందు రిజర్వు బ్యాంకు అనుమతి సంపాదించాలి. దానికి పి. ఫారం అని పేరు. అది లేకుంటే టిక్కెట్టు రాదు. 1960లలో పై చదువులకు అమెరికా వెళ్ళినవారిలో ఎందరో చేతిలో 8 డాలర్లతో దిగామని చెప్పుకుంటారు. ఇక 1973 నాటి విదేశ మారకం చట్టం తప్పితే జైలే గతి. ఆ చట్టం పోయి కొత్తది 2000 జూన్ 1న అమలులోకి వచ్చింది. ఇప్పుడు మన దేశవాసి ఎవరైనా ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు తీసుకుపోవచ్చు, పంపవచ్చు. కాపలా సడలింది. అంటే ఇక జాగ్రత్త పడవలసింది ప్రయాణికుడే.

నేటి ఓడ ప్రయాణం

ఇప్పుడు ఓడ ఎక్కదలచిన రాయలసీమవారికి దగ్గరి రేవు చెన్నపట్నం. రేణిగుంట మీదుగా రైలులో వెళ్ళవచ్చు. 2023 జూన్‌లో అక్కడి నుంచి సింహళంలోని హంబన్‌టోట, ట్రింకోమలి రేవులకు విహార నౌక బయలుదేరింది. అది ఓడ రూపంలో వున్న పెద్ద హోటలు. విదేశీ కంపెనీల నౌకలలో సాధారణంగా లెక్కంతా డాలర్లలో నడుస్తుంది. తిన్నదీ తాగినదీ మీ గది లెక్కలో పడి, చివరిరోజున కాగితం చేతికి వస్తుంది. ఓడలో నోట్లు మార్చేచోటు వున్నా అక్కడి ధర గిట్టదు. చుట్టూ సముద్రం వుండగా ఇంకొక దుకాణానికి పోతానని బెదిరించలేరు గదా!

కాబట్టి మార్పిడి ఇక్కడే కానివ్వండి. రిజర్వు బ్యాంకు లైసెన్సు వున్న బ్యాంకులోనో, మారకపు దుకాణంలోనో మాత్రమే కొనండి. చిన్న పట్టణాలలో ప్రతి శాఖలోనూ విదేశీ నోట్లు నిలవ వుండవు; వారం రోజుల ముందుగా చెప్పి తెప్పించుకోవాలి. మామూలు దేశాలకు నోట్ల రూపంలో ఒక్కొక్క ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా ఇస్తారు. పైన కావలసింది కార్డులో పోసుకోవచ్చు. హజ్, ఉమ్రా యాత్రికులకు నోట్ల విషయంలో సడలింపు వున్నది. 50,000 రూపాయలు మించితే రొక్కంతో కొననివ్వరు. చెక్కో కార్డో కావాలి. మన రూపాయలు వెంట తీసుకుపోవడానికి 25,000 వరకే అనుమతి.

రెండు దుకాణాలలో ధర అడగకుండా కొనకండి. డాలరుకు రెండు రూపాయల తేడా అంటే చిన్నదిగా కనిపిస్తుంది. 500 డాలర్లకు అదే వెయ్యి రూపాయలు. విదేశంలో కార్డు గీకినప్పుడు "రూపాయలలో తీసుకోమంటారా?" అని మర్యాదగా అడుగుతారు. ఆ మర్యాదకు ఖరీదు వున్నది. ఆ దేశపు డబ్బులోనే తీసుకోమనండి. మిగిలిన నోట్లు తిరిగి వచ్చిన 180 రోజులలో బ్యాంకుకు ఇచ్చివేయాలి; 2,000 డాలర్ల దాకా మాత్రం తదుపరి ప్రయాణానికి వుంచుకోవచ్చు. రసీదు పారవేయకండి.

అంగడి కంటె అర్ధరూపాయి ఎక్కువ ఇస్తానని ఎవరో సందులో పిలుస్తాడు. దొంగనోటు వచ్చిందా, అవతలి రేవులో మీ మాట వినే నాథుడు వుండడు. పరాయి వొడ్డున ఆ కాగితం తప్ప మీ కష్టార్జితానికి వేరే సాక్ష్యం లేదు.

నీటి విలువ తెలిసిన సీమ మనది. దూరప్రయాణానికి బయలుదేరేవాడు ఇంటి దగ్గరే చెంబు నింపుకుంటాడు. విదేశీ డబ్బు విషయంలోనూ అదే మేలు.