శిథిలాక్షరాల సాక్ష్యం

2013 అక్టోబరు 30న తెల్లవారుజామున, నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని పాలెం వద్ద, బెంగుళూరు నుండి హైదరాబాదు వస్తున్న బస్సు దగ్ధమై 45 మంది అసువులు బాశారు. రూపురేఖలు మిగలని ఆ దేహాలు ఎవరివో తేల్చే భారం డి.ఎన్.ఏ. పరీక్షపై పడింది. సింగరాయకొండ మీదుగా రాత్రి బస్సులలో ప్రయాణించే మనకు ఇది పరాయి కథ కాదు.

మన దేశంలో ఈ విద్యకు 1980ల చివర హైదరాబాదు సి.సి.ఎం.బి.లో డాక్టర్ లాల్జీ సింగ్ పాదు వేశారు. అగ్ని, తేమ, కాలం డి.ఎన్.ఏ. గొలుసును తుత్తునియలు చేస్తాయి. అయినను పంటిలోను, తొడ ఎముకలోను అది కొంత దాగి ఉంటుంది. పరీక్షకులు తొందరపడి దానిని చదువబోరు. పొట్టి తునకలెన్ని, పొడవైనవెన్ని అని మొదట కొలుస్తారు. పొడవైనవి తరిగి పొట్టివే నిలిస్తే నమూనా శిథిలమైనదని గ్రహించి, పొట్టి తునకలతో సాగే పద్ధతిని ఎన్నుకుంటారు. ఆ పిమ్మటనే తల్లిదండ్రుల, బిడ్డల రక్తంతో సరిపోలుస్తారు.

తెలుగు పాఠం చెప్పుకొనే నాకు ఇది తాళపత్ర పరిష్కరణ వలె తోస్తుంది. చెద తిన్న చోట మంచి పరిష్కర్త తన ఊహను చొప్పించడు; ఖాళీని ఖాళీగానే చూపుతాడు. అక్కడ పొరపడితే ఒక పద్యం చెడుతుంది. ఇక్కడ పొరపడితే రెండు ఇళ్లు చెడతాయి. ఒకరి బిడ్డ వేరొకరి చితిపైకి, ఒకరి తండ్రి వేరొకరి ఖబరులోనికి చేరవచ్చు. కనుక "చెప్పలేము" అనే మాట సైతం విజ్ఞానమే. విద్యార్థులారా, తెలియనిదానిని తెలిసినట్లు వ్రాయకుండుట మృతుల ఎడల కూడా మన ధర్మం.