అటకమీది ఫిడేలు

మన యిండ్లలో పిల్లలు వినెడి సంగీతమునుగూర్చి మనము సాధారణముగా రెండుమాటలే యాడుచుందుము. ఒకటి "తగ్గించు", రెండవది "ఆపు". నేనును పెక్కేండ్లు ఈ రెండు మాటలతోనే కాలము గడపినదానను. నాలుగు రాత్రులు నోరు మూసికొని విన్నపిమ్మట నాకు కలిగిన కనువిప్పును మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది ఖమ్మము జిల్లాలోని తల్లాడ. ఖమ్మమునుండి సత్తుపల్లి పోవు త్రోవయు, కొత్తగూడెముమీదుగా భద్రాచలము పోవు త్రోవయు ఇచ్చట చీలిపోవును. రామదాసుగారు పుట్టిన నేలకొండపల్లి మా జిల్లాలోనిదే. ఆయన కట్టించిన గుడి గోదావరి యొడ్డున నున్నది. కావున రామదాసు కీర్తన యొకటియైనను రాని యిల్లాలు మా ప్రాంతమున అరుదు. మా అమ్మమ్మగారి యింట తాళముచెవి త్రిప్పి పాడించు పాత గ్రామఫోను పెట్టె యొకటి యుండెను. ఆ ప్లేటు ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషములకు కొంచెము మించి పాడెడిది. ఎంతటి విద్వాంసుడైనను ఆ మూడు నిమిషములలో పల్లవి, అనుపల్లవి, చరణము అన్నియు కుదించి గబగబ ముగింపవలసినదే. నేనును పెండ్లివరకు గీతములు, వర్ణములు, పదిపదునైదు కీర్తనలు నేర్చుకొంటిని. పెండ్లి తరువాత నా పాట వంటయింటి గడప దాటలేదు.

మా యమ్మాయికి ఎనిమిదవయేట ఫిడేలు కొనియిచ్చితిమి. ఆదివారమాదివారము తల్లి కూతురులము బస్సెక్కి ఖమ్మము పోయి పాఠము చెప్పించుకొని వచ్చెడివారము. ఎనిమిదేండ్లట్లు సాగెను. ఇంటర్మీడియెటులో చేరిన దినముననే నేను ఫిడేలుపెట్టె తీసి అటకమీద పెట్టించి, "పరీక్షలు కానీ, తరువాత తీసుకుందువుగాని" అంటిని. పరీక్షలు ఒకదానివెంట నొకటి వచ్చినవి. ఇంజనీరింగు, పిమ్మట హైదరాబాదులో ఉద్యోగము. పెట్టె అటకమీదనే యుండెను. అమ్మాయి దానిని అడుగలేదు, నేను గుర్తుచేయలేదు. అడుగకపోవుటనుబట్టి మరచినదనుకొంటిని. తల్లులు చేయు పొరపాటులలో ఇది యొకటి.

2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి కచేరీలన్నియు మూతపడగా అమ్మాయి తల్లాడ వచ్చి, మేడమీది గదిలో కూర్చుండి ఉద్యోగము చేసికొనుచుండెను. ఒకరాత్రి పదిగంటలవేళ ఆ గదినుండి వచ్చిన ధ్వని విని, ఇనుపసామాను గోతమును ఎవరో మెట్లమీదుగా దొర్లించుచున్నారని తలచితిని. పైకి పోయి, "ఇదేం సంగీతమే! మనుషులు నిద్రపోవద్దా?" అని కేకలు వేసితిని. అమ్మాయి స్పీకరు కట్టివేసి, కొంచెముసేపు నావంక చూచి, "అమ్మా, నువ్వెప్పుడూ సగంలోనే ఆపిస్తావు. ఒక్కటి మొదటినుంచి చివరిదాకా విను. అయ్యేదాకా మాట్లాడొద్దు. తరువాత ఏమన్నా పడతాను" అనెను. సగములో ఆపించుదునన్న మాట నాకు తగిలినది. సరేయంటిని.

అమ్మాయి చెప్పగా తెలిసినదేమన, ఈ పద్ధతికి ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు. 1960 దశకము చివర ఇంగ్లండులో కొందరు పడుచువాండ్రు మూడు నిమిషముల ప్రేమపాటలతో విసిగి, విద్యుత్తు గిటారును డ్రమ్ములను విడువకయే, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమును, జాజ్ అనెడి మనోధర్మ సంగీతమును వానితో మేళవించి పెద్ద రచనలు చేయసాగిరి. అప్పటికి లాంగ్‌ప్లే రికార్డు ప్రచారములోనికి వచ్చి ఇరువదియేండ్లయినది. ప్రక్క కిరువది నిమిషములు పాడగల ఆ ప్లేటు వీరికి అవకాశమిచ్చినది. మా అమ్మమ్మ పెట్టెలో ఇరుకుపడిన కీర్తన నాకు జ్ఞప్తికి వచ్చెను. పాత్ర పెద్దదైనచో వంటయు మారును గదా!

మొదటిరాత్రి వినిపించినది పింక్ ఫ్లాయిడ్ అను బృందమువారు 1973లో వెలువరించిన "ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్". గుండె కొట్టుకొను చప్పుడుతో మొదలై, మరల ఆ చప్పుడుతోనే ముగియును. నడుమ కాలము, ధనము, మరణము, మతిభ్రంశము అన్నియు వచ్చును. ఒక పాట ముగిసినదనుకొనుచుండగనే అందుండి మరియొకటి పుట్టును. ఒకచోట గడియారము లెన్నియో ఒక్కమారు గంటలు కొట్టగా నేను ఉలికిపడితిని. ఆ ధ్వనులను పాతగడియారముల దుకాణములో ఒక్కొక్కటిగా పట్టి తెచ్చి కలిపిరట.

ధనమునుగూర్చిన పాట వచ్చినపుడు నా వ్రేళ్లు నాకు తెలియకయే తొడమీద లెక్క పెట్టసాగినవి. ఒకటి, రెండు, మూడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఏడు! మన మిశ్రచాపువలె నేడే. ముప్పదియేండ్లుగా తాళము వేయని చేయి ఎట్లు జ్ఞాపకముంచుకొనెనో! నడుమ గిటారు వాయింపు వచ్చుసరికి వారు ఏడు విడిచి నాలుగు పట్టుకొనిరి. నా లెక్క తప్పిపోయెను. అమ్మాయి అది చూచి నవ్వెను. చాలకాలమునకు నావంక చూచి నవ్విన నవ్వది.

అందులోనే మాటలు లేని పాట యొకటి కలదు. ఒక స్త్రీ కేవలము గొంతుతోడనే ఏడ్చును, వేడుకొనును, ఊరడిల్లును. మన ఆలాపనవంటిదే. ఆమె పేరు క్లేర్ టోరీ. 1973 జనవరిలో ఆమెను పిలిపించి, మాటలు లేకుండ పాడుమనిరి. అప్పటికప్పుడు తన మనస్సున తోచినట్లు పాడి, అతిగా పాడితినేమో యని సిగ్గుపడి క్షమాపణ చెప్పుకొనెనట. ఆమెకిచ్చిన కూలి ముప్పది పౌనులు. ఆ రికార్డు అమెరికా అమ్మకపు పట్టికలో 1988 వరకు మొత్తము 741 వారములు నిలిచినది. పాడినదానిగా ఆమె పేరు ముద్రించిరేగాని, రచనలో భాగ మీయలేదు. 2004లో ఆమె న్యాయస్థానమునకు పోగా, 2005లో రాజీ కుదిరి రచయితలలో ఆమె పేరును చేర్చిరి. ఆడుదాని మనోధర్మము పనియని గుర్తింపబడుటకు ముప్పదిరెండేండ్లు పట్టినది. ఈ కథ విన్నపిమ్మట ఆ పాటను మరల పెట్టుమని నేనే యడిగితిని.

రెండవరాత్రి యెస్ అను బృందమువారి "క్లోజ్ టు ది ఎడ్జ్". ఇది 1972 నాటిది. మొత్తము మూడే పాటలు. మొదటిది 18 నిమిషములకు మించినది. పక్షుల కూతలతో, పారు నీటి సవ్వడితో ఆరంభమగును. వెంటనే వాద్యము లన్నియు త్రోపులాడుకొనుచు మీదబడును. నాకు తల తిరిగినది. అయినను మాట యిచ్చితిని గావున కదలలేదు. కొంతసేపటికి అలజడి యణగి, నీరు బొట్టుబొట్టుగా రాలునట్టి నిశ్శబ్దము. అందులో సన్నని గొంతు. దానిమీద క్రైస్తవ దేవాలయములలోని పెద్ద ఆర్గను ఒక్కమారుగా లేచినది. ఆ క్షణమున నా రోమములు నిలువబడినవి. జర్మను రచయిత హెర్మన్ హెస్సె వ్రాసిన "సిద్ధార్థ" నవల దీనికి ప్రేరణమట. అందలి నాయకుడు ఊరూర తిరిగి, తుద కొక నదియొడ్డున కూర్చుండి, నది చెప్పునది వినుటయే జ్ఞానమని తెలిసికొనును. భద్రాచలమున స్నానఘట్టపు మెట్లమీద కూర్చున్నపుడు గోదావరిని చూచి నే ననుకొన్నదియు నదియే. మొదటి అలజడి లేనియెడల ఆ ఆర్గనుకు అంత బలము రాదు. సగములో లేచిపోయినవారికి అది దొరకదు.

అన్నియు మెచ్చుకొంటినని తలంపకుడు. ఇదే బృందమువారు 1973లో పరమహంస యోగానందుల ఆత్మకథవలన ప్రేరణ పొంది రెండు ప్లేట్లకు నాలుగే పాటలుగా మరియొక రచన చేసిరి. ప్రక్కకు ఒక పాట! మధ్యాహ్న మది వినబోయి మూడవపాటలో నిద్రపోయితిని. దీర్ఘముగా నున్నంతమాత్రమున గొప్పది కాజాలదు. సరకు లేని హరికథ తెల్లవారువరకు చెప్పినను విసుగే గదా! అమ్మాయియు ఈ మాట నొప్పుకొనినది.

మూడవరాత్రి నన్ను గోతపుసంచిగా హడలగొట్టిన ఆ ధ్వనియే వచ్చినది. కింగ్ క్రిమ్సన్ అను బృందమువారు 1969లో వెలువరించిన "ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్" లోని మొదటి పాట యది. అట్టమీద నోరు తెరచి అరచుచున్న యెఱ్ఱని ముఖము. దానిని చిత్రించిన బారీ గాడ్‌బర్ అను పిన్నవాడు, రికార్డు వచ్చిన కొలదినెలలకే 1970లో చనిపోయెనట. యుద్ధమును నిరసించు ఆ మొదటిపాటలోని చప్పుడు చప్పుడుకొరకు కాదనియు, దాని వెనుకనే వేణువుతో మిక్కిలి మెత్తని పాట వచ్చుననియు ఇపుడు తెలిసికొంటిని. నేను ఇన్నాళ్లు మొదటి రెండు నిమిషములు విని తలుపు కొట్టినదానను.

ఆ రికార్డులో ఫిడేళ్ల గుంపు వాయించినట్లు వినబడును గాని, ఫిడేలు వాయించినవారు లేరు. మెలోట్రాన్ అనెడి వాద్యమట. హార్మోనియమువలె మెట్లుండును. ఒక్కొక్క మెట్టు క్రింద ఒక టేపుముక్క. దానిమీద ముందే పట్టియుంచిన ఫిడేలు స్వరము. మెట్టు నొక్కిన ఎనిమిది సెకనులవరకు అది పలుకును. ఆ పిమ్మట ముక్క అయిపోవును. వ్రేలు తీసి మరల నొక్కవలెను. ఈ సంగతి చెప్పి అమ్మాయి యూరకుండెను. నా కన్నులు అటకవైపు పోయినవి. వాయించువారు లేని ఫిడేలు మా యింటను గలదు.

నాలుగవరాత్రి అమ్మాయి, "ఇది మనవాళ్లది" అని, బెంగుళూరు బృందమైన ఆగమ్‌వారి "ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్" పెట్టినది. 2012 నాటిది. తాము వాయించునది కర్ణాటక ప్రోగ్రెసివ్ రాక్ అని వారు చెప్పుకొందురు. అందులో "స్వాన్స్ ఆఫ్ సరస్వతి" అను పాట మొదలుకాగానే నేను నిటారుగా కూర్చుంటిని. హంసనాద రాగము, త్యాగరాజస్వామివారి "బంటురీతి కొలువు"! రాముని కొలువులో బంటుగా నుండు భాగ్యము నిమ్మని వేడుకొను కీర్తన. పులకరింతయే కవచముగా, నామమే కత్తిగా ధరించి నిలుతునని స్వామి యనును. మొదట నాకు కోపము వచ్చినది. త్యాగయ్యగారి ప్రక్కన ఈ డ్రమ్ములేమి, ఈ గిటారేమి యని. కాని గొంతు స్వరము తప్పలేదు, సాహిత్యము చెడలేదు. బంటు నడకకు ఆ డ్రమ్ములు సరిగనే యున్నవేమో యనికూడ తోచినది. ఆ గాయకుడు హరీశ్ శివరామకృష్ణన్ ఫిడేలును వాయించునట.

పాట ముగిసినది. నియమముప్రకారము మాటాడవచ్చును, నాకు మాట రాలేదు. అమ్మాయియే తల యెత్తకుండ, "నేను చివరగా నేర్చుకున్నది ఇదే. చరణం మిగిలిపోయింది" అనెను.

తెల్లవారినపిమ్మట నేనే నిచ్చెన వేసికొని పెట్టె దింపితిని. రెండు తంతులు తెగియున్నవి. గుఱ్ఱము పడిపోయినది. కమాను వెండ్రుకలను పురుగు తినినది. అమ్మాయి పెట్టె మూత పట్టుకొని చాలసేపు నిలువబడెను. "నాది తప్పే" అంటిని. కన్నకూతురితో ఆ మాట అనుట అదే మొదటిసారి. ఆమె "పోనీలే" అనలేదు. అన్నచో నాకు సుఖముగా నుండెడిది. మారుమాట లేకుండ ధూళి తుడిచి, పెట్టెను తన గదిలోనికి తీసికొనిపోయినది.

కచేరీలు తెరచినపుడు పెట్టెనుకూడ హైదరాబాదునకు తీసికొనిపోయెను. బాగు చేయించితివా, సాధకము చేయుచుంటివా యని నేను అడుగలేదు. అడిగినచో అదియు నొక పరీక్షయగును. కొన్ని నెలలకు ఒక ఆదివారమునాడు ఫోను చేసి, "ఉండమ్మా" అని బల్లమీద పెట్టినది. స, ప; స, ప; తంతులు శ్రుతి కలుపుచున్నది. కొంచెము తగ్గించి, కొంచెము బిగించి, మరల తగ్గించి. పాట రాలేదు. శ్రుతిమాత్రమే విన్నాను. పది నిమిషములు కాబోలును, నేను ఒక్కమాటయు మాటాడలేదు.

సోదరీమణులారా! ఈ రికార్డులు గొప్పవగుట కేమి కారణమని నన్నడిగినచో, నాకు తెలిసినంతలో ఒకటే చెప్పుదును. అవి మనలను చివరివరకు కూర్చుండుమని కోరును, కూర్చున్నవారిని మోసగింపవు. మీ పిల్లల గదినుండి తెలియని సంగీతమేదైన వినవచ్చినచో, తలుపు కొట్టుటకు ముందు లోనికి పోయి కూర్చుండి చూడుడు. నచ్చకపోయినను దోషము లేదు. నాకు అయిదింట ఒకటి నచ్చనేలేదు. కాని మీ యింటి అటకమీద ఏమున్నదో ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొనుడు.