రాజుగారి చెవి

పాత వెండి రూపాయి చేతికిస్తే మనవాళ్లు ముందు బొమ్మ చూడరు, అరచేతిలో ఆడించి బరువు చూస్తారు. తర్వాత గోటితో పైకి మీటి, ఖంగుమందా లేదా అని చెవి ఒగ్గుతారు. రెండూ కుదిరాక అడిగే ప్రశ్న ఒకటే: "ఇవాళ వెండి ఎంతుంది?" తప్పేం లేదు. 1835 నుంచి నూరేళ్లకు పైగా బ్రిటిష్ ఇండియా రూపాయి తులం బరువే, అంటే 11.66 గ్రాములు. అందులో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండి. వెండికొట్టు షావుకారుకు అంతకు మించి అక్కర్లేదు. ఆయన కాటాలో విక్టోరియా మహారాణి అయినా ఒకటే, ఆమె మనవడైనా ఒకటే. నాణేలు పోగేసేవాడి లెక్క వేరు. వాడు భూతద్దం తీసి రాజుగారి చెవి చూస్తాడు.

ఏడో ఎడ్వర్డు రూపాయినే తీసుకుందాం. 1903 నుంచి 1910 దాకా ముద్రించింది, పాత ట్రంకుపెట్టెల్లో ఇప్పటికీ బయటపడేది. ఈ రాజు తల మీద కిరీటం ఉండదు. అది బొరుసు వైపు, తామర తీగల మధ్య పైన ఉంటుంది. ఉక్కపోతకు తీసి అవతల పెట్టినట్టు. మనకు అదే కలిసొచ్చింది. వట్టి తల కాబట్టి అరుగుదల ఎక్కడ మొదలైందో ఇట్టే తెలిసిపోతుంది. నాణెం మీద ఏది ఎత్తుగా ఉంటే అదే ముందు అరుగుతుంది. ఇక్కడ ఎత్తైనవి చెవి, దాని పైనున్న జుట్టు, గడ్డం. రూపాయి రొంటినా గల్లాపెట్టెలోనా ఎన్నాళ్లు తిరిగిందో అవే చెబుతాయి. టంకశాల నుంచి వచ్చినప్పుడు జుట్టు పాయ పాయగా విడివిడిగా ఉంటుంది. కొంత తిరిగాక చెవి పైనున్న పాయలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. నాణేలవాళ్ల లెక్కలో అది ఎక్స్‌ట్రా ఫైన్ గ్రేడు. ఇంకొంత తిరిగితే చెవి అంచు చదునవుతుంది, వెరీ ఫైన్. చెవి చెంపలో కలిసి వట్టి ఉబ్బుగా మిగిలితే ఫైన్. పేరుకు ఫైనే గానీ, ఆ మెట్టు దగ్గరికొచ్చేసరికి చూడ్డానికి పెద్ద ఫైన్‌గా ఏమీ ఉండదు. ఆ కిందికి జారితే, గడ్డం ఉన్న ముసలాయనెవరో అనుకోవాలంతే.

ఐదో జార్జి రూపాయికి ఏనుగును చూడాలి. రాజు తొడుక్కున్న అంగీ మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. 1911లో వచ్చిన మొదటి రూపాయల మీద దాని తొండం పొట్టిగా ఉండి, అచ్చం పందిలా కనబడిందని ముస్లింలు అభ్యంతరం చెప్పారు. ఆ రూపాయలను వెనక్కి తీసుకుని, 1912 నుంచి ఏనుగును సరిదిద్దారు. కానీ బజారు అరగదీసేది అరగదీస్తూనే ఉంటుంది కదా. బాగా తిరిగిన 1918 రూపాయి మీద ఆ ఏనుగు మళ్లీ పందిగానే కనబడుతుంది. ఇక మన నిజాం చార్మినార్ రూపాయికి చెవీ లేదు, ఏనుగూ లేదు. కమాను కింద ఒక అక్షరం ఉంటుంది: మహబూబ్ అలీఖాన్‌దైతే మీమ్, ఉస్మాన్ అలీఖాన్‌దైతే ఐన్. అక్కడ చూడాల్సింది మినార్ల మీది సన్న పని.

చదునుగా ఉన్నదల్లా అరిగిందని అనుకోకూడదు. అచ్చు గట్టిగా పడకపోయినా చెవి చదునుగానే ఉంటుంది. ఈ రెండూ వేరు చేయలేనివాడు గ్రేడు చెప్పలేడు. ట్యూబులైటు ఆర్పేసి ఒక్క బల్బు కింద కూర్చోండి. నాణేన్ని అంచులతో పట్టుకుని మెల్లగా వంచి తిప్పండి. చేతులు మారని నాణెం మీద వెలుగు నిలవదు, బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. అచ్చు దెబ్బకు లోహం నడిమి నుంచి అంచుకు పారినప్పుడు కంటికి ఆనని గీతలు పడతాయి. ఆ తిరుగుడు వాటిదే. చదునైన చెవి మీద కూడా వెలుగు తిరిగితే అచ్చు లోపం. అక్కడికొచ్చి చచ్చిపోతే అరుగుదల.

ఆ గీతలకు మన ఇళ్లలో శత్రువు చింతపండు. వరలక్ష్మీ వ్రతం ముందు రోజు వెండి సామానంతా పెరట్లోకి వస్తుంది, దాంతోపాటు కలశంలో వేసే రూపాయీ వస్తుంది. చింతపండు, ముగ్గు, పీతాంబరి, అవేవీ లేకపోతే టూత్‌పేస్టు. ఏటా ఇదే తంతు. దేవుడి ముందు నల్లటి రూపాయి పెట్టడానికి ఏ ఇల్లాలికి మనసొప్పుతుంది? కానీ ఆ నలుపు మురికి కాదు. గాలిలోని గంధకం వెండితో కలిసి కట్టిన పలచని పొర. అది నిదానంగా, సమంగా కమ్మి, అంచుల్లో నీలి రంగు తేలితే నాణేలవాళ్లు ఆ నాణేన్ని కళ్లకద్దుకుంటారు. తోమిన రూపాయిని గుర్తుపట్టడం పెద్ద విద్యేం కాదు: బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ జాగా అంతా తెల్లగా ఉండి అక్షరాల సందుల్లో నలుపు మిగిలిపోతుంది, భూతద్దంలో చూస్తే సన్న గీతలు ఒకే వైపుకు కనిపిస్తాయి, బల్బు కింద వెలుగు ఉన్నచోటే ఉండిపోతుంది. ఆభరణంలో దిగిన రూపాయికి ఇంకో గుర్తు. లంబాడీ ఆడవాళ్ల దండల్లోంచి వచ్చిన వాటికి రాజు తల పైన అంచు దగ్గర టంకం మచ్చ ఉంటుంది. కొక్కెం ఊడదీసి ఆకురాయి పెట్టినా అంచు మీది పళ్లు అక్కడ ఉండవు.

ఇలా తోమినవాటికీ టంకం పడినవాటికీ అమెరికా గ్రేడింగు కంపెనీలు మామూలు నంబరు ఇవ్వవు. ఆ నంబర్ల పద్ధతికి మూలం విలియం షెల్డన్ అనే ఆయన 1949లో తమ దేశపు పాత రాగి సెంట్ల కోసం వేసిన డెబ్బై మెట్ల నిచ్చెన. బాగా అరిగిపోయినదానికి 1, వంక పెట్టలేనిదానికి 70. నాకు దాని మీద సగం నమ్మకమే. 30కీ 60కీ తేడా ఎవరికైనా కనబడుతుంది. 62కీ 63కీ మధ్య తేడా చూసేవాడి కళ్లజోడును బట్టి ఉంటుంది. అయినా ధర మాత్రం ఆ ఒక్క మెట్టుకే ఎగిరిపోతుంది. మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. 1972 చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు, సొంతంగా దేశం దాటించకూడదు. కాబట్టి ఎడ్వర్డు రూపాయికి మన కళ్లే గతి.

మీ ఇంట్లో 1939 రూపాయి బయటపడితే మాత్రం ఎగిరి గంతెయ్యకండి. ఆ ఏటివి దాదాపు అన్నీ కరిగిపోయాయి. అందుకే అంత ధర, అందుకే అన్ని దొంగ నాణేలు. 1938లోని చివరి అంకె చెక్కి 9 చేసినవీ తిరుగుతుంటాయి. ముందు తూకం వెయ్యండి, తర్వాత ఆ 9ని భూతద్దంలో చూడండి, ఆపైన తెలిసినవారికి చూపించండి. ఈలోగా దాన్ని చింతపండు దగ్గరికి పోనివ్వకండి. తూకానికి అమ్ముకోవడం ఎప్పుడైనా చెయ్యొచ్చు.