గడిలో టిక్కు

మార్చి 4, 2025, లెస్టర్

హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన జంట డాక్టరు దగ్గర పేర్లు నమోదు చేయించుకోవాలంటే ఫారం నింపడానికి తోడెళ్లాను. చివరి పేజీలో జాతి మూలాల గళ్లు. అతను పెన్ను ఆపేశాడు. "ఏంటన్నా, ఇక్కడ కూడా కులం అడుగుతారా?" ఆ అమ్మాయి ‘ఇండియన్’ గడిలో టిక్కు పెట్టేసి, "జీతం అడగలేదు, నయం" అంది.

మార్చి 9

బ్రిటన్ జనగణనలో జాతి మూలాల ప్రశ్న మొదటిసారి వచ్చింది 1991లో. 1993లో లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాణ్ణి పొడిచి చంపారు. పోలీసుల తీరులో సంస్థాగత జాతివివక్ష ఉందని 1999లో మాక్‌ఫర్సన్ నివేదిక తేల్చింది. మరుసటి ఏడాదే చట్టం మారింది. కౌన్సిళ్లు, ఆస్పత్రులు, పోలీసులు వివక్ష చూపకుండా ఉంటే సరిపోదు, సమానత్వం కోసం పూనుకోవాలి. సేవ ఎవరికి అందుతోందో, ఎవరికి అందట్లేదో తెలియకుండా పూనుకునేదెలా?

మార్చి 18

షుగర్ పరీక్ష చేయించుకోమంది నర్సు. నేనేం లావు కాదే అన్నాను. తెల్లవాళ్లకి బీఎంఐ 25 దాటితే చెప్పే జాగ్రత్త మన దక్షిణాసియా వాళ్లకి 23 నుంచే చెప్పాలట. ఒళ్లు చేయకపోయినా షుగర్ వచ్చే రకం మనం. నా పేరు పక్కన ఆ టిక్కు ఉండబట్టే పిలిచారు.

ఏప్రిల్ 2

2021 లెక్కల్లో లెస్టర్‌లో ఆసియా మూలాలవాళ్లు 43.4 శాతం, తెల్లవాళ్లు 40.9. కానీ ‘ఆసియన్’ అని అందర్నీ ఒకే గంపలో పోస్తే ఏమీ తెలీదు. కొవిడ్ రెండో అలలో బంగ్లాదేశీల, పాకిస్తానీల మరణాల రేటు భారతీయుల కంటే బాగా ఎక్కువ. విడదీసి లెక్కేశారు కాబట్టి బయటపడింది.

ఏప్రిల్ 11

సంచార మూలాలున్న జిప్సీలకు, ఐరిష్ ట్రావెలర్లకు జనగణనలో సొంత గడి దక్కింది 2011లో. ఆస్పత్రులు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి 2001 నాటి జాబితాతోనే నడిచాయి. అందులో వాళ్లు లేరు. బడుల జాబితాలో ఉన్నారు. అందుకే వాళ్ల పిల్లల చదువు ఎంత వెనకబడిందో ఏటా కనిపిస్తుంది, జబ్బుల సంగతి కనిపించదు.

ఏప్రిల్ 26

ఓ పెద్దాయన గళ్లన్నీ ఖాళీగా వదిలేశారు. "ఇవాళ ఆస్పత్రికి చెప్తాం. రేపు ఇమిగ్రేషన్ వాళ్లకి ఇవ్వరని ఏంటి నమ్మకం?" కొట్టిపారేయలేను. రోగుల చిరునామాలను ఇమిగ్రేషన్ చూసే హోం ఆఫీసుకి అందించే ఒప్పందం 2017లో నిజంగానే అమల్లోకి వచ్చింది; గొడవయ్యాక 2018లో వెనక్కి తీసుకున్నారు. "చెప్పదలచుకోలేదు" అనే గడి చూపించాను. అందులో టిక్కు పెట్టారు. అదీ హక్కే.

మే 1

వచ్చే జనగణనలో కులం లెక్క కూడా తీస్తామని ఢిల్లీ నిన్న ప్రకటించింది. జనగణనలో అన్ని కులాల లెక్కా చివరిసారి పూర్తిగా ప్రకటించింది 1931లో. వాట్సాప్‌లో అప్పుడే కొట్లాట మొదలైంది.

లెక్క తీసినంత మాత్రాన న్యాయం జరిగిపోదు. ఇక్కడ నల్లజాతి తల్లుల ప్రసూతి మరణాల రేటు తెల్లజాతి తల్లుల కంటే రెండింతలకు పైనే ఉందని ఏటా నివేదికలు చెప్తూనే ఉన్నాయి, తేడా పోలేదు. అందుకే అక్కడైనా, ఇక్కడైనా ఫారం నింపేవాళ్లకి నా మాట ఒక్కటే: ఇష్టమైతే టిక్కు పెట్టండి. పెట్టాక, మా లెక్కతో ఏం మార్చారని ఏటా కౌన్సిల్‌నీ, ఆస్పత్రినీ నిలదీయండి.