సెకండ్‌హ్యాండంటే నామోషీ ఎందుకు?

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో మినీ డ్రాఫ్టర్ కొత్తది కొన్నవాళ్ళు మనలో ఎంతమంది ఉంటారు? మా క్లాసులో అయితే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సీనియర్ దగ్గర సగం ధరకో, క్యాంటీన్లో ఓ టిఫిను పెట్టించో తెచ్చుకున్నవాళ్ళమే అందరం. డ్రాఫ్టరొక్కటేనా, వర్క్‌షాపు ఏప్రను, కాలిక్యులేటరు, మూడు చేతులు మారి అట్ట ఊడిపోయిన టెక్స్టు బుక్కులు.. అన్నీ అంతే. ఆ బుక్కుల్లో ముఖ్యమైన ప్రశ్నల పక్కన ఎవరో పుణ్యాత్ముడు పెట్టిన టిక్కులు చూసుకునే నేను రెండు సబ్జెక్టులు గట్టెక్కాను. అంటే పాత పుస్తకం కొత్తదానికన్నా ఎక్కువ పనికొచ్చిందన్నమాట :)

అంతకుముందు ఇంట్లో సంగతైతే చెప్పక్కర్లేదు. అన్నయ్య చొక్కా నాకు, పెదనాన్న కూతురి పరికిణీ మా చెల్లికి, మావయ్య వాళ్ళబ్బాయి సైకిలు మళ్ళీ నాకు. వీధిలోకి స్టీలు సామాన్ల ఆవిడ వస్తే అమ్మ పాత చీరలు, నాన్న ప్యాంట్లు పడేసి గంటసేపు బేరమాడి ఒక బేసిను తీసుకునేది. ఆ బట్టలు చెత్తకుప్పలోకి పోవు కదా! ఎక్కడో ఏదో సంతలో ఇంకొకళ్ళ ఒంటి మీదకి చేరేవి. కాబట్టి సెకండ్‌హ్యాండు మనకి కొత్తగా అమెరికా నుంచి దిగిన సరుకేమీ కాదు.

మరి ఉద్యోగమొచ్చి మొదటి జీతం అకౌంట్లో పడగానే మనకేమవుతుందో తెలీదు. ఫ్రిజ్జు కొత్తది, వాషింగ్ మెషీను కొత్తది, సోఫా కొత్తది, టీవీ కొత్తది. అన్నీ ఈఎంఐల మీదే. పాతది కొందాం అంటే మాత్రం "ఛ, మనకేం ఖర్మ" అంటాం.

నాకు అర్థమైనంతవరకూ తేడా వస్తువులో లేదు. చుట్టాల దగ్గర్నుంచి ఊరికే వస్తే దాన్ని "వాడుకోవడం" అంటాం. ముక్కూమొహం తెలియనివాళ్ళకి డబ్బిచ్చి కొంటే "గతిలేక కొనుక్కోవడం" అంటాం. అంటే మనం కొత్తదానికి పెట్టే డబ్బులో కొంత వస్తువు కోసం, కొంత నలుగురి నోరు మూయించడం కోసం. ఈ రెండో భాగమే నాకు ఖరీదెక్కువ అనిపించింది.

ఎందుకనిపించిందో చెప్తాను. 2023 మార్చిలో హాస్టలు వదిలి కొండాపూర్లో అద్దింట్లోకి మారాను. అప్పటికి నా చదువు అప్పు ఇంకా 2 లక్షల 10 వేలు ఉంది, వడ్డీ 11 శాతం. ఆ అప్పు కాగితాల మీద నా సంతకం పక్కన నాన్న సంతకం కూడా ఉంది. ఊళ్ళో చిన్న కిరాణా కొట్టు ఆయనది. ఆ ఏడాది మొదటి నెలల్లో మన రంగంలో ఉద్యోగాలు ఎలా పోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. నాది కూడా పోతే బ్యాంకువాళ్ళు తలుపు కొట్టేది మా కొట్టుదే. రాత్రిళ్ళు నాకు నిద్ర పట్టనిచ్చేది కాదు ఈ ఆలోచన. అలాంటప్పుడు ఫ్రిజ్జు మీద ఇంకో ఈఎంఐ పెట్టుకోవడానికి మనసొప్పలేదు.

సరే, లెక్క ఇదీ. కొత్తవి కొంటే ఫ్రిజ్జు 26,000, వాషింగ్ మెషీను 18,000, మంచం 22,000, టేబులూ కుర్చీ 15,000, పుస్తకాల అలమర 6,000, మొత్తం 87,000. నేను కొన్నవి వరసగా 10,000, 6,500, 8,000, 4,500, 1,500, అంటే 30,500. ట్రాలీ ఆటోలకి 2,500, వాషింగ్ మెషీను రిపేరుకి 1,500 కలిపితే 34,500. మిగిలింది 52,500. అది తీసుకెళ్ళి అప్పులో కట్టేశాను. 11 శాతం లెక్కన ఆ మిగులు మీద ఏడాదికి 5,775 రూపాయల వడ్డీ కూడా తప్పింది. ఏ మ్యూచువల్ ఫండూ ఇంత ఖాయంగా ఇస్తానని మాటివ్వలేదు మరి!

ఇంట్లో గొడవ జరగలేదంటే అబద్ధం. అమ్మకి ఫ్రిజ్జు గురించి బెంగ లేదు, మంచంతోనే వచ్చింది చిక్కంతా. "ఎవరు పడుకున్నారో, దాని మీద ఎవరు పోయారో.. మనకెందుకురా" అంది. లాజిక్కుతో గెలిచే వాదన కాదది. నేను గెలవాలనీ చూడలేదు. పరుపు కొత్తది కొంటానని మాటిచ్చాను (అది ఎలాగూ కొత్తదే కొనాలి, నల్లులు వస్తే ఇల్లంతా పడతాయి). ఆవిడ వచ్చి మంచం మీద పసుపు నీళ్ళు చల్లింది. ఇద్దరికీ నిద్ర పట్టింది. మా బాబాయి మాత్రం "సాఫ్ట్‌వేరు జీతం తీసుకుంటూ ఈ పీనాసితనం ఏంట్రా" అని ఇప్పటికీ పెళ్ళిళ్ళలో అందరి ముందూ అంటుంటాడు. అననివ్వండి, ఆయన మాటకి వడ్డీ లేదు.

వీటిలో నేను మర్చిపోలేనిది టేబులూ కుర్చీ బేరం. అమ్మినతను దాదాపు నా వయసువాడే, జనవరిలో ఉద్యోగం పోయింది. రెండు నెలలు ప్రయత్నించి, అద్దె కట్టలేక అనంతపురం వెళ్ళిపోతున్నాడు. ఇంట్లో సామాను చాలావరకు అప్పటికే అమ్మేశాడు. మాటల్లో తెలిసిందేంటంటే, ఫ్రిజ్జు, టీవీ ఎవరో తీసుకెళ్ళిపోయారు కానీ వాటి ఈఎంఐలు ఇంకా ఏడు నెలలున్నాయిట! ఇంట్లో లేని వస్తువుకి నెలనెలా డబ్బు కట్టడమన్నమాట. 4,500 అడిగాడు, బేరమాడకుండా ఇచ్చేశాను. అతను తప్పు చేశాడని నేననను. మనందరం చేసే పనే అతనూ చేశాడు. కాకపోతే కొత్తదనానికి మనం పెట్టే ధర ఎంతో అతని ఖాళీ హాల్లో నాకు కనబడినంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడలేదు.

అలాగని కనబడిందల్లా పాతది కొనమని కాదు. నేను పెట్టుకున్న సూత్రం ఒక్కటే. పనితనం తరిగినదానికన్నా ధర ఎక్కువ తరిగిన వస్తువే కొనాలి. మంచం, టేబులు, అలమర దీనికి మంచి ఉదాహరణలు. ఆదాయపు పన్ను లెక్కల్లో 2017-18 నుంచి ఫర్నిచరుకి తరుగుదల ఏడాదికి 10 శాతం, కంప్యూటర్లకి 40 శాతం. అది పన్ను కోసం వేసిన లెక్కే అనుకోండి, అయినా మనకి దారి చూపిస్తుంది. టేకు బల్ల రెండేళ్ళలో అరిగిపోదు, కానీ ఇల్లు ఖాళీ చేసే హడావిడిలో సగం ధరకి కూడా రాదు. ఆ తేడాయే మన లాభం.

లాప్‌టాపు దగ్గర ఇది తిరగబడుతుంది. ధర బాగా తగ్గిందని ఆశపడితే పనితనం కూడా తగ్గి ఉండొచ్చు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే మామూలుగా ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ తర్వాతదో కావాలి. అంతకన్నా పాతది ఎంత చవగ్గా వచ్చినా లినక్స్ వేసుకునే ఓపికుంటేనే తీసుకోండి.

ఫోనైతే డబ్బిచ్చేముందే *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు చూసి, 2023లో కేంద్రం తెచ్చిన సంచార్ సాథీ పోర్టల్లో సరిచూసుకోవాలి. దొంగఫోనని బ్లాకయి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. అమ్మేవాడి గూగుల్ అకౌంటో, ఆపిల్ అకౌంటో మన కళ్ళముందే తీయించాలి. ఫ్రిజ్జుకి లేబుల్ మీద నక్షత్రాలతోపాటు సంవత్సరం కూడా చూడండి. ప్రమాణాలు మధ్యమధ్యలో కఠినం చేస్తుంటారు కాబట్టి అప్పటి అయిదు నక్షత్రాలూ ఇప్పటి అయిదు నక్షత్రాలూ ఒకటి కావు. ధరలో మిగిలింది కరెంటు బిల్లులో పోతే ఏం లాభం?

బండి కొన్నా, అమ్మినా ఫారం 29, 30 మీద సంతకాలతో పని అయిపోయిందనుకోకండి, ఆర్సీలో పేరు మారేదాకా వెంటపడండి. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని, ప్రమాద పరిహారం బాధ్యత వాళ్ళదే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో పేరు మార్చుకోవాలి.

నేను ససేమిరా పాతవి కొననివి మూడున్నాయి. హెల్మెట్, ప్రెషర్ కుక్కరు, పరుపు. హెల్మెట్ లోపలి నురుగు గట్టి దెబ్బ ఒక్కసారే తట్టుకుంటుంది, ఆ దెబ్బ తగిలిందో లేదో పైకి కనబడదు. ఇక ఆన్లైన్లో మనమే అమ్మేటప్పుడు "ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బులు పడతాయి" అని ఎవరన్నా అంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే మన డబ్బు పోతోందనే అర్థం.

ఎక్కడ కొనాలి అంటారా? పుస్తకాలకి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు, టెక్స్టు బుక్కులకి కోఠి, బెజవాడలో ఉంటే లెనిన్ సెంటరు. చిల్లర సామాన్లకి ఎర్రగడ్డ ఆదివారం సంత, గురువారం జుమేరాత్ బజారు, బేరమాడే ఓపికుంటే. పెద్ద సామాన్లకి మాత్రం అపార్టుమెంట్ వాట్సాప్ గ్రూపులే నయం. వస్తువు ఇంట్లో నడుస్తుండగా చూడొచ్చు, ఎందుకమ్ముతున్నారో అడగొచ్చు. బడులు మారే ఏప్రిల్, మే నెలల్లో ఇళ్ళు మారేవాళ్ళు ఎక్కువ, అప్పుడు చూడండి.

ఇంకో విచిత్రం. అమెరికా వెళ్ళిన నా స్నేహితుల్లో చాలామంది అక్కడ గరాజ్ సేల్లో మంచాలు, క్రెయిగ్స్‌లిస్టులో కార్లు కొనుక్కుని "భలే డీల్" అని ఫోటోలు పెడతారు. వాళ్ళే ఇండియా వచ్చినప్పుడు నా ఫ్రిజ్జు వంక జాలిగా చూస్తారు. డాలర్లలో కొంటే డీలు, రూపాయల్లో కొంటే పీనాసితనమా బాబూ?

నా అప్పు 2024 డిసెంబరులో తీరిపోయింది. ఈ 52,500 ఒక్కటే తీర్చలేదు, కానీ మొదటి పెద్ద ముక్క అదే. నో డ్యూస్ సర్టిఫికెట్ పంపిస్తే నాన్న రెండు ముక్కలే అన్నాడు, "హమ్మయ్య, మంచిదిరా". ఆ హమ్మయ్య విన్నాకగానీ తెలీలేదు, అన్నాళ్ళూ నిద్రపట్టనిది నా ఒక్కడికే కాదని.

అందుకే ఈసారి ఏదన్నా కొనేముందు దాని ధరలో వస్తువు ఎంత, నలుగురి మాట ఎంత అని ఓసారి విడదీసి చూడండి. లెక్కలు మనకి బాగానే వచ్చు కదా, వాటి పుణ్యాన్నే కదా ఎంసెట్లో సీటొచ్చింది!